పార్సిల్ మామ

చైత్రం వెళ్లీ వెళ్లకముందే తాండూరు జనం మూడు రకాలుగా చీలిపోతారు: మామిడికాయ తొక్కు పెట్టేవాళ్లు, కూలర్లకు కొత్త గడ్డి వేయించేవాళ్లు, మా మామ.

మామ ఆ నెలల్లో కిరాణా దుకాణాల వెంట తిరిగి ఖాళీ అట్టపెట్టెలు ఏరుకొస్తాడు. సబ్బుల పెట్టె పనికిరాదు, వాసన. బిస్కెట్ల పెట్టె పనికిరాదు, పలుచన. ఎవరింట్లోనైనా కొత్త ఫ్రిజ్ దిగి, దాని పెట్టె చేతికొచ్చిందంటే ఆ పూట పాయసం వండమంటాడు. ఈ పెట్టెలన్నీ ఎందుకు అంటే గ్రామఫోను రికార్డులు పంపడానికి. ఎవరికి పంపుతాడనేది ఇంకా తేలలేదు.

ఇలాంటి మనిషి ప్రతి చుట్టరికంలోనూ ఒకడుంటాడు. మీ ఇంట్లో ఆయన టీవీ రిమోట్‌కు ప్లాస్టిక్ కవరు తొడిగి రబ్బరుబ్యాండు వేస్తుండవచ్చు. సోఫాకు కవరు వేసి, కవరు మాసిపోతుందని దాని మీద దుప్పటి పరుస్తుండవచ్చు. మా వంతుకు వచ్చినాయన రికార్డుల మీద పడ్డాడు.

మామ సర్వీసంతా ఒక పార్సిల్ ఆఫీసులో గుమస్తాగా గడిచింది. ఏ ఆఫీసో చెప్పను, పెన్షన్ మీద బతికే మనిషి. ఊరివాళ్ల మూటలను ఎవరు విసిరారో, ఎంత ఎత్తునుంచి విసిరారో, విసిరాక వాటి మీద ఏ మూట కూర్చుందో ఆయనకు తెలిసినంతగా మరొకరికి తెలియదు. అందుకే లోకంలో ఏ పార్సిల్ ఆఫీసునూ నమ్మడు. "విసిరేటోళ్లల్ల మీ మామ లేకుండెనా ఏంది, అడుగు" అని అత్తమ్మ వంటింట్లోంచి అంటుంది. మామకు ఆ మాట వినపడదు.

ఆయన దగ్గర రికార్డులు దండిగానే ఉన్నాయి. హైదరాబాదు జుమ్మేరాత్ బజార్‌లో పాత ఇనుము పక్కన బేరమాడి కొన్నవి కొన్ని. క్యాసెట్లొచ్చాక మైకుసెట్టువాళ్లు వదిలించుకున్నవి కొన్ని. వింటాడా అంటే వినడు. వింటే ముల్లు అరుగుతుంది, రికార్డు అరుగుతుంది, గది తలుపు తీస్తే ఊళ్లోని బండల పాలిష్ యూనిట్ల రాతిదుమ్ము లోపలికొస్తుంది. రికార్డంటే ఆయన దృష్టిలో వినవలసినది కాదు, క్షేమంగా ఉండవలసినది.

ఎవరైనా పొరపాటున ఒక రికార్డు పంపమని అడిగితే ముందు పాఠం మొదలవుతుంది.

"ఎల్పీ అంటే ఏమనుకున్నవ్‌రా? ప్లాస్టిక్కు. 60 డిగ్రీలు దాటితే మెత్తవడ్తది. మీద బరువున్నా, జర వాలుగ నిలవెట్టినా అంతదనుక ఆగదు, ముందే వంగుతది. బయట 42 ఉన్ననాడు అద్దాలెక్కిచ్చి ఎండల ఆపిన బండి లోపల ఎంతుంటదో ఎర్కనా నీకు?"

ఇందులో తప్పు పట్టడానికేమీ లేదు, అదే బాధ. 1948లో అమెరికావాళ్లు వినైల్ ఎల్పీ తెచ్చేదాకా రికార్డులంటే చాలావరకు లక్కలో రాతిపొడి కలిపి ఒత్తినవే. నిమిషానికి 78 చుట్లు తిరిగేవి. లాడ్ బజార్ గాజులు చేసేదీ ఆ లక్కతోనే. లక్క రికార్డు కింద పడితే పగులుతుంది, ప్లాస్టిక్ రికార్డు ఎండకు వంగుతుంది. మామ దగ్గర రెండు రకాలూ ఉన్నాయి కాబట్టి ఆయనకు రెండు రకాల దిగులూ ఉంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. "రోలే వల్గినంక రికార్డెంతరా" అనేది మామ తీర్మానం. అందుచేత రోహిణిలో ఆయన ఇంటినుంచి రికార్డు కదలదు. పచ్చి బాలింతనైనా ఎండకు తిప్పుతారేమోగానీ ఘంటసాలను తిప్పనివ్వడు.

ఈ శాస్త్రజ్ఞానం వల్ల నష్టపోయింది అత్తమ్మ. బండల ఇల్లు కాబట్టి నేల చల్లగానే ఉంటుంది, కానీ మే నెలలో గోడలు రాత్రంతా సెగ కక్కుతాయి. కొడుకు కూలర్ కొని పంపాడు. మామ దాన్ని వాకిట్లోనే ఆపేశాడు. కూలర్ గాలిలో తేమ ఉంటుంది, తేమకు రికార్డుల అట్ట కవర్లు బూజు పడతాయి. ఏసీ పెట్టిద్దామంటే కరెంటు పోయినప్పుడల్లా చల్లదనం, వేడి మారి అది మరీ ప్రమాదమట. చివరికి రికార్డులు చల్లటి నడిమి గదిలో నిలువుగా, వరుసగా, హాయిగా ఉంటాయి. అత్తమ్మ విసనకర్రతో డాబా మీద ఉంటుంది.

ఇక ప్యాకింగు. ఈ పని చేసేటప్పుడు మామను చూస్తే నాకు కోపం పోతుంది. ఆ చేతుల్లో పనితనం ఉంది.

మొదట రికార్డును అట్ట కవరులోంచి బయటికి తీస్తాడు. అలాగే ఉంచితే దారిలో పార్సిల్ ఎగిరిపడ్డప్పుడల్లా రికార్డు అంచు కవరు కుట్టును లోపలినుంచి చీలుస్తుంది. అందుకని కాగితపు కవరుతో సహా రికార్డును అట్ట కవరు వెనక ఆనించి, రెంటినీ కలిపి పల్చటి పాలిథిన్ సంచిలో పెడతాడు. మెత్తగా, జిగురుగా ఉండే ప్లాస్టిక్ కవరును దగ్గరికి రానివ్వడు. అది వేడికి రికార్డుకు అంటుకుని మసక మరకలు మిగులుస్తుంది. తర్వాత రెండు వైపులా గట్టి అట్టలు. ఒకదాని గీతలు నిలువుగా ఉంటే ఇంకోదాని గీతలు అడ్డంగా ఉండాలి, అప్పుడే రెండూ ఒకే వైపు వంగవు. ఆ అట్టలు కవరుకన్నా నాలుగు పక్కలా వేలెడు పెద్దవిగా ఉండాలి, దెబ్బ తగిలితే వాటి మూలే నలగాలి. దాన్ని పెట్టెలో పెట్టాక అటూ ఇటూ కదలకూడదు, అట్లని బిగుసుకోనూ కూడదు. వేడికి బిగువు తోడైతే రికార్డు వంకర తిరిగినట్టే. ఆ పెట్టెకు ఇంకో పెట్టె, నడుమ ఉండచుట్టిన కాగితం, పైన తెల్లకాగితం. నలుపు ఎండను లాగుతుందని నల్ల టేపు కూడా వాడడు.

ఇక్కడితో ఆగితే ఆయన మంచి పనివాడు. ఆగడు కాబట్టే ఈ వ్యాసం. ఆ పైన గోనెసంచి, దబ్బనంతో కుట్టు, సుతిలి, ముడి ముడికీ లక్కముద్ర. ఒకసారి అట్టలకు బదులు పాలిష్ చేసిన తాండూరు బండ ముక్కలు రెండు వైపులా పెట్టాడు. రికార్డు వెంట్రుకవాసి వంగలేదు. తూకానికి కట్టిన డబ్బు రికార్డు ధరను దాటింది, మోసినాయన మామ వంశాన్ని మూడు తరాలదాకా తలచుకున్నాడు. "కందిపప్పు బస్తాల నడుమ వెట్టి పంపరాదు, చల్లగుంటది" అని అత్తమ్మ ఎత్తిపొడిచింది. మా తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చిందిగానీ, బస్తాల బరువు రికార్డుకు పడదని మామ ఆ సలహాను చాలా గంభీరంగా ఆలోచించి తోసిపుచ్చాడు.

పార్సిల్ మీద ఏం రాయాలన్నది ఇంకో విద్య. "గాజు సామాను, జాగ్రత్త" అని రాయనే రాయడు. ఆ మాట ఉన్న పెట్టెలకు తన ఆఫీసులో ఎట్లాంటి మర్యాద జరిగిందో ఆయన కళ్లారా చూశాడు. అందుకని నాలుగు వైపులా ఎర్ర సిరాతో "దేవుని పటం" అని రాస్తాడు. మన దేశంలో దేవుని పటం మీద కాలు పెట్టేవాడు లేడు, కూర్చునేవాడు లేడు, దాని మీద చెప్పుల మూట వేసేవాడు లేడు. అబద్ధమాడినట్టు కాకుండా లోపల అనంతగిరి పద్మనాభస్వామి పటం ఒకటి నిజంగానే పెడతాడు. దీనివల్ల ఒకే ఒక చిక్కొచ్చింది. పద్మనాభుడు పవళించే స్వామి కదా అని ఒక భక్తుడైన హమాలీ నిలబెట్టవలసిన పార్సిల్‌ను భక్తిగా పడుకోబెట్టాడట. మామ ఆ దిగులునుంచి ఇంకా తేరుకోలేదు.

నేనొకసారి వాదనకు దిగాను. "కలకత్తా పక్కన డమ్‌డమ్ ఫ్యాక్టరీల తయారైన రికార్డులు మన తాండూరుదాక వచ్చినయ్ గదా మామా. గప్పుడు ఎండల్లేవా? పద్మనాభుడు తోడొచ్చిండా?"

మామ కళ్లద్దాలు తీసి తుడుచుకుని అన్నాడు: "వచ్చినయే నీకు కనవడ్తున్నయ్‌రా అల్లుడా. తొవ్వల వల్గినయ్ నీ కండ్లవడ్తయా?"

నాకు జవాబు తోచలేదు. ఇప్పటికీ తోచలేదు.

ఇలాంటివాళ్లను లోకం అప్పుడప్పుడు సమర్థిస్తుంది, అదే మనకు ఎక్కువ బాధ. 2022లో అమెరికాలో వినైల్ రికార్డులు సంఖ్యలో సీడీలను మించి అమ్ముడయ్యాయని, 1987 తర్వాత అలా జరగడం అదే మొదటిసారని ఎక్కడో చదివి, మామ ఇల్లంతా తలెత్తుకు తిరిగాడు. డాలస్‌లో ఉన్న మా తమ్ముడు అక్కడ పుస్తకాలకూ రికార్డులకూ "మీడియా మెయిల్" అని చౌక తపాలా రేటు ఉందని చెబితే, దేశం అంటే అట్లుండాలె అన్నాడు. అది నెమ్మదిగా చేరుతుందని, డాలస్‌లోనూ వేసవి 40 డిగ్రీలకు చేరుతుందని విన్నాక ఆ దేశాన్ని వెనక్కి తీసుకున్నాడు.

ఆ తమ్ముడే ఒక ఆగస్టులో ఎవరిదగ్గరో "దానవీరశూరకర్ణ" సంభాషణల ఎల్పీ తెప్పించుకున్నాడు. 1977 సినిమా, కొండవీటి వేంకటకవి మాటలు, మూడు వేషాల్లోనూ రామారావే. రికార్డు అంచు అలలు తేలి వచ్చింది. ముల్లు పెడితే మీదికెక్కుతూ కిందికి దిగుతూ, సుయోధనుడి గొంతు చలిజ్వరం పట్టి వణికింది. తమ్ముడు మామకు ఫోన్ చేశాడు. నేనైతే మందలిస్తాడనుకున్నా. మామ కంఠం ఎంత మెత్తబడిందో చెప్పలేను. రెండు అద్దాల నడుమ పెట్టి, పైన సమంగా బరువు వేసి, వారాలకొద్దీ ఓపిక పట్టమన్నాడు. "పొయ్యి కాడికి, ఓవెన్ కాడికి తీస్కవోకు బిడ్డా, వంకర వోతే వోతదిగాని గీతలు గూడ వోతయ్" అని పదేపదే చెప్పాడు. తర్వాత వారానికోసారి తనే ఫోన్ చేసి రికార్డు ఆరోగ్యం కనుక్కున్నాడు. తమ్ముడి ఆరోగ్యం అడిగినట్టు దాఖలా లేదు.

ఇక వికారాబాద్ పార్సిల్ సంగతి చెప్పి ముగిస్తాను. అక్కడి మా పెద్దబావ తన తండ్రి సంవత్సరీకానికి ఘంటసాల భగవద్గీత రికార్డు కావాలన్నాడు. 1974లో కన్నుమూసిన ఘంటసాల చివరి రోజుల్లో పాడినది. మన ఊళ్లలో ఎవరైనా పోయినప్పుడు వినపడే గొంతు అదే. బావ తండ్రికి ఆ రికార్డంటే ప్రాణం. తిథి వైశాఖంలో. తాండూరునుంచి వికారాబాద్‌కు రైల్లో కునుకు తీసేంత దూరం కూడా లేదు.

మామ ఒప్పుకున్నాడు, ఉత్సాహంగా ప్యాక్ చేశాడు. శనివారం పంపుదామంటే వద్దన్నాడు, ఆదివారం సెలవు, పార్సిల్ రేకుల షెడ్డులో ఉడుకుతుంది. సోమవారం పంపుదామంటే ఆ రోజు ఎండ ఎక్కువని పేపర్లో వేశారు. మంగళవారం మంచిది కాదని అత్తమ్మ అన్నది, ఆమె మాట మామ విన్నది ఆ ఒక్కసారే. అట్లా రోహిణి వచ్చేసింది. మృగశిరలో తొలకరి పడ్డాక, ఎవరినీ నమ్మలేక, రాత్రి బండికి టికెట్ కొనుక్కుని పార్సిల్‌ను ఒళ్లో పెట్టుకుని ఆయనే వెళ్లాడు. సంవత్సరీకం ఎప్పుడో అయిపోయింది. ఆ పూట గీతను ఫోన్లో పెట్టుకుని విన్నారట.

వికారాబాద్‌లో మా అక్క పార్సిల్ అందుకుని, నాలుగు వైపులా ఉన్న ఎర్రక్షరాలు చదివి, తిన్నగా దేవుడర్రలో పెట్టి పసుపు కుంకుమ పెట్టింది. బొట్టు పెట్టినదాన్ని కత్తెరతో కోయడానికి ఎవరికీ చేయి రాలేదు. అది అక్కడే, నిలువుగా, నీడలో, దీపం సెగ తగలనంత దూరంలో ఉంది. ఆ దూరం మామే కొలిచి పెట్టి వచ్చాడు.

మామ చెప్పేవన్నీ నిజాలే. అందుకే ఆయనతో వేగడం కష్టం. ఎండాకాలంలో మీరు రికార్డు పంపవలసి వస్తే ఆయన చెప్పినట్టే రికార్డును కవరు బయట పెట్టండి, అట్టలు గీతలు మార్చి వేయండి, వారం మొదట్లో పంపండి, అందినవాళ్లను ఒక పూట నీడలో ఉంచి విప్పమనండి. గోనెసంచి దాకా వెళ్లకండి. పార్సిల్ మీకు వస్తే మాత్రం బొట్టు పెట్టకముందే విప్పి, పాట వినండి.