వెల తెలిసిన నాలుక

దిల్‌సుఖ్‌నగరమునుండి ఎల్.బి.నగరము వరకు గల రాజమార్గమున గ్రూపు పరీక్షలకును, కంప్యూటరు విద్యలకును, విదేశయానమునకు వలయు ఆంగ్లమునకును శిక్షణాలయములు కలవు గాని, ద్రాక్షాసవమును చప్పరించు విద్యకు ఒక్కటియు లేకుండుట మన నాగరకతకు తీరని లోపము. ఆ లోపమును పూరించు సదుద్దేశముతో కొత్తపేటలోని ఒక స్థిరాస్తి వ్యాపారి, వైన్‌షాపున విస్కీసీసాల వెనుక ధూళిధూసరితమై యున్న స్పెయిను దేశపు ఎఱ్ఱ వైనును సంపాదించి, తన అపార్టుమెంటు మేడపై మిత్రులను సమావేశపఱచి, మిరపకాయ బజ్జీలతోడను సకినములతోడను వారి యెదుట నుంచెను.

సీసాపై టెంప్రానియో అని యుండెను. స్పెయినున మిక్కిలిగా సాగగు నల్లద్రాక్ష యదియే. రియోహా మండలమున దాని రసమును ఓకు పీపాలలో మాగబెట్టి క్రియాంజా, రెసెర్వా అను బిరుదుల నొసగుదురు. ఈ సీసాకు అట్టి బిరుదేదియు లేదు. స్వదేశమున సామాన్యులు భోజనముతో త్రాగు రసమే. అయినను మన రేవున దిగినంతనే 150 శాతము దిగుమతి సుంకమును, పిదప రాష్ట్రపు ఆబ్కారీ పన్నును పైబడగా, వీసా ముద్ర పడిన పెండ్లికొడుకువలె దాని వెల అమాంతముగ పెరిగెను.

వెల తెలిసిన తోడనే రుచియు తెలిసెను. గణితోపాధ్యాయునకు నేరేడుపండు గోచరించెను. విశ్రాంత ఇంజనీరునకు క్రొత్త తోలు పరిమళము తట్టెను. వెల యడుగక త్రాగిన గృహస్థుని బావమరిది మాత్రము "వగరుగున్నది బావా, జర సోడ పొయ్యరాదు" అని సత్యము పలికి, అరసికుడని నిందింపబడెను. వగరు నిజమే: ద్రాక్షతొక్కలోను గింజలోను గల టానిను నాలుకను బిగియించును, మిరపకారము తోడైనచో మద్యపు మంట ఇనుమడించును. అందుచే బజ్జీ కొఱికి వైను గ్రోలిన ప్రతివాని కంటను నీరు గ్రమ్మెను. దానిని వారు రసానుభూతి యనిరి.

ఈ నగరము చుట్టును ఒకప్పుడు అనాబ్-ఎ-షాహీ ద్రాక్షతోటలు పందిళ్లు పందిళ్లుగా విలసిల్లెను. అట్టి తోటల నేలను ప్లాట్లుగా కోసి విక్రయించిన ధనముతో పరదేశపు ద్రాక్షరసమును కొని, "మన మట్టిలో ఆ గుణము లేదు" అని ఆతిథేయుడు నిట్టూర్చుట ఆ సభకంతటికిని తలమానికము.

పాఠకులకు మనవి: చవుక వైను నింద్యము గాదు. సీసాను కొంతసేపు చల్లబఱచి, దానిపై చీటీ కనబడకుండ కాగితము చుట్టి, బజ్జీలకు మారుగా వేయించిన పల్లీలు పెట్టి, వెల చెప్పక పోయుడు. అప్పుడు బాగున్నదన్నచో అది రుచి. వెల చెప్పిన పిదప అన్నచో అది మర్యాద.