నేను చందాపుర గాజుపోగును

నేను ఒక ఆప్టికల్ ఫైబర్‌ని, గాజుపోగుని. బెంగళూరు దక్షిణపు కొసన, హోసూరు రోడ్డు వారగా, చందాపుర సర్కిల్ దగ్గర మట్టి కింద ఉంటాను. మీరు నన్ను చూసి ఉండరు. చూశారంటే ఆ పూట ఎవరో నన్ను తెంపి ఉంటారు.

నాకు ఉత్తరాన బొమ్మసంద్ర, హెబ్బగోడి, ఎలక్ట్రానిక్ సిటీ. దక్షిణాన అత్తిబెలె, అది దాటితే తమిళనాడు, హోసూరు. ఇక్కడి నుంచి ఒక దారి ఆనేకల్‌కు, ఇంకొకటి దొమ్మసంద్రకు పోతుంది. నా పక్కన సాగే పెద్ద రోడ్డు 44వ నంబరు జాతీయ రహదారి. పాతవాళ్లకు ఏడో నంబరు అంటేనే తెలుస్తుంది. హైదరాబాదు, కర్నూలు, అనంతపురం మీదుగా దిగివచ్చింది ఆ రోడ్డే. పైన టీకొట్ల దగ్గర కన్నడం, తమిళం, తెలుగు కలిసే పారుతుంటాయి. ఆ మాటలేవీ నాదాకా రావు. అడుగులు, చక్రాలు, గడ్డపారలు మాత్రం తెలుస్తాయి. ఎలా తెలుస్తాయో చెప్పడానికే ఈ కథ.

నేను పుట్టింది కొలిమిలో. స్వచ్ఛమైన సిలికా గాజు కడ్డీ కొసను దాదాపు 2000 డిగ్రీల వేడిలో మెత్తబరిచి కిందికి లాగితే పోగునయ్యాను. నా గాజు మందం 125 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో ఎనిమిదో వంతు. వెలుగు నడిచే నడిమి దారి 9 మైక్రాన్లే. పైన పూత వేస్తే 250 మైక్రాన్లయ్యాను. ఒక గొట్టంలో మేం పన్నెండుగురం. ఎవరెవరో తెలియడానికి నీలం, నారింజ, ఆకుపచ్చ అంటూ వరసగా రంగులు పూశారు. వరసలో ఆఖరిదాన్ని నేను; నా రంగును పోగులు అతికించే స్ప్లైసింగ్ కుర్రాళ్లు ‘ఆక్వా’ అంటారు. ముందున్న పోగులకు ఫోన్లు, బ్యాంకుల లెక్కలు, సినిమాలు మోసే పని దొరికింది. నన్ను ‘స్పేర్’ అని పక్కన పెట్టారు. అవసరమైతే చూద్దామన్నారు. చాలాకాలం నాలోకి వెలుగే రాలేదు.

నా వంశం మరీ పాతదేమీ కాదు. 1966లో చార్లెస్ కావో, జార్జ్ హాక్‌హామ్ అనే ఇద్దరు ఇంగ్లండులో ఒక మాట అన్నారు: గాజులోని మలినాలు తీసేస్తే వెలుగు కిలోమీటర్ల దూరం పోతుంది, నష్టం కిలోమీటరుకు 20 డెసిబెల్స్‌కు తగ్గితే చాలు, దాంతో టెలిఫోన్లు నడపవచ్చు అని. అంటే కిలోమీటరు చివర నూటికి ఒక పాలు మిగిలినా చాలన్నమాట. 1970లో అమెరికాలో కార్నింగ్ కంపెనీ వాళ్లు ఆ గీత దాటారు. కావోకు 2009లో నోబెల్ వచ్చింది. ఇవాళ నాలో 1550 నానోమీటర్ల వెలుగు కిలోమీటరుకు 0.2 డెసిబెల్స్ మాత్రమే పోగొట్టుకుంటుంది. పదిహేను కిలోమీటర్లు నడిచాక కూడా సగం మిగిలే ఉంటుంది.

ఇనుము మలినం తీశారు, తేమ తీశారు. మిగిలిన ఒక్క లోపం తీయడం మాత్రం ఎవరి తరమూ కాలేదు. కరిగిన గాజు చల్లబడేటప్పుడు దాని సాంద్రత అంతటా ఒకేలా గడ్డకట్టదు. అణువుల స్థాయిలో ఒకచోట చిక్కగా, ఒకచోట పలచగా ఉండిపోతుంది. ఆ ఎగుడుదిగుళ్లకు తగిలి వెలుగు నలుదిక్కులకూ చెదురుతుంది. దీన్నే రేలీ పరిక్షేపణం అంటారు. ఆకాశం నీలంగా కనబడటానికి 1871లో లార్డ్ రేలీ చెప్పిన కారణం ఇదే. నాలో ఇవాళ మిగిలిన నష్టంలో పెద్ద వాటా దీనిదే. ఆ చెదిరిన వెలుగులో ఒక పిసరు వచ్చిన దారినే వెనక్కి పోతుంది. ఇంజనీర్లకు అది లోపం. నాకు మాత్రం స్పర్శ దాని వల్లే వచ్చింది.

చెదిరే వెలుగు ముచ్చట వస్తే తెలుగువాళ్లూ, బెంగళూరూ రాకుండా పోరు. విశాఖపట్నంలో బడి చదువు సాగించిన సి.వి. రామన్ 1928 ఫిబ్రవరి 28న కలకత్తాలో తన పేరుతో నిలిచిన ఫలితం ప్రకటించాడు. చెదిరిన వెలుగులో కొంత రంగు మార్చుకుని వస్తుందని తేల్చాడు. ఆ రోజుల్లోనే అతని దగ్గరికి చేరిన కృష్ణా జిల్లా కుర్రాడు సూరి భగవంతం. తర్వాత వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పాఠం చెబుతూ, కాంతి పరిక్షేపణం మీద, రామన్ ఫలితం మీద 1940లో ఒక గ్రంథం వెలువరించాడు. 1957 నుంచి 1962 దాకా బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు డైరెక్టరుగా ఉన్నాడు. రామన్ కూడా అంతకుముందు, 1933లో, అదే కుర్చీలో కూర్చున్నవాడే. వాళ్లు కొలిచిన వెలుగు ఇవాళ నాలాంటి పోగుల్లో కొలువు చేస్తోంది. రామన్ చెదరింపు పోగు పొడవునా వేడి ఎంతుందో చెబుతుంది. బ్రిల్వాన్ చెదరింపు వేడితో పాటు సాగుడునూ చెబుతుంది. రేలీ చెదరింపు అదురును చెబుతుంది. నా ఉద్యోగం ఈ మూడోది.

ఆ ఉద్యోగం రావడానికి ముందు ఒక దెబ్బ తినాల్సి వచ్చింది.

మన దగ్గర కేబుల్ కాలవకు చెప్పే లోతు 1.65 మీటర్లు. వేసిననాడు ఎంత లోతున ఉన్నా, తర్వాత రోడ్డు వెడల్పయింది, సర్వీసు రోడ్డు వచ్చింది, మురుగుకాలవ తవ్వారు. నా మీది మట్టి ఒకచోట పెరిగింది, ఇంకొకచోట తరిగింది. ఆ తరిగినచోటే ఒక రాత్రి జేసీబీ పళ్లు దిగాయి. ఎవరి పనో, ఎవరి పైపో నాకు తెలియదు. పన్నెండుగురమూ ఒకేసారి తెగాం.

తెగినచోటు కనిపెట్టే ఓటీడీఆర్ పెట్టె పట్టుకుని స్ప్లైసింగ్ వాళ్లు వచ్చారు. ఇద్దరిదీ అనంతపురం యాస. మొదటిసారి నాలోకి వెలుగు వచ్చింది అప్పుడే. పరీక్షకు స్పేర్ పోగునే పట్టుకుంటారు కదా.

“అన్నా, 6,420 మీటర్లు చూపిస్తాంది. ఇంకో పర్లాంగు ముందుకు పోదామా?”

“అది పోగు పొడుగు రా, రోడ్డు పొడుగు కాదు. దోవలో ఎన్ని లూపులు చుట్టి పెట్టినారో డ్రాయింగ్ చూడు ముందు.”

పెద్దాయన మాటలో ఈ విద్య సగం ఉంది. పెట్టె చేసే పని తేలిక. లేజర్‌తో ఒక చిన్న వెలుగు తునకను పంపి, వెనక్కి వచ్చేదాన్ని గడియారం పట్టుకుని చూస్తుంది. గాజులో వెలుగు సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. కిలోమీటరు పోయి రావడానికి 10 మైక్రోసెకన్లకు కాస్త తక్కువ, అంటే సెకనులో ఇంచుమించు లక్షో వంతు పడుతుంది. 63 మైక్రోసెకన్ల దగ్గర జవాబు ఆగిపోయిందంటే దెబ్బ 6,420 మీటర్ల దగ్గర తగిలిందని అర్థం. కానీ ప్రతి గుంతలోనూ రిపేరుకు పనికొస్తుందని కొన్ని మీటర్ల కేబుల్ చుట్టి ఉంచుతారు. గొట్టంలో పోగులు కూడా మెలితిరిగి ఉంటాయి. అందుకే పోగు కొలత రోడ్డు కొలతకన్నా ఎప్పుడూ ఎక్కువే. పెట్టెలో గాజు వక్రీభవన గుణకం 1.468కి బదులు 1.458 అని కొడితే 20 కిలోమీటర్ల దగ్గర 130 మీటర్లకు పైగా తేడా వస్తుంది. అంత దూరం తప్పి తవ్వితే రాత్రంతా వృథా.

పెట్టె తెర మీది గీత చదవడం ఇంకో విద్య. పోగు శుభ్రంగా తెగితే గాజూ గాలీ కలిసే ఆ కొస నుంచి నూటికి మూడు నాలుగు పాళ్ల వెలుగు పరావర్తనం చెంది, తెర మీద గీత ఒక్కసారి పైకి లేస్తుంది. జేసీబీ నలిపి తెంపితే ఆ లేవడం కూడా ఉండదు, గీత ఉన్నపళాన కింద పడుతుంది. ఎక్కడో రాయి నొక్కి పోగు వంగిందనుకోండి, 1310 నానోమీటర్ల వెలుగుకు పెద్దగా తెలియదు, 1550కి నష్టం బాగా కనిపిస్తుంది. జాయింటు చెడితే రెండింట్లోనూ ఇంచుమించు ఒకేలా ఉంటుంది. రెండు గీతలూ పక్కపక్కన పెట్టి, వంపా జాయింటా అని అనుభవజ్ఞులు ఇట్టే చెబుతారు. వెనక్కి వచ్చే వెలుగుతో పోగును కొలిచే ఈ పద్ధతిని మొదట చూపింది 1976లో అమెరికాలో బార్నోస్కీ, జెన్సెన్. ఇప్పటికీ ఊరూరా కేబుల్ రిపేరు దీనితోనే మొదలవుతుంది.

తెల్లవారేలోపు నన్ను తిరిగి అతికించారు. కానీ ఈ పెట్టెకు తెగినచోటే తెలుస్తుంది, తెగబోయేచోటు తెలియదు. కాబట్టి కేబుల్ సొంతదారులు తర్వాత ఇంకో రకం పెట్టె తెచ్చి, మళ్లీ స్పేర్‌గా ఉన్న నాకే తగిలించారు. దాని మూలం హెన్రీ టేలర్, చుంగ్ లీ అనే ఇద్దరు 1993లో అమెరికాలో పొందిన పేటెంటులో ఉంది.

తేడా లేజర్‌లో ఉంది. మామూలు ఓటీడీఆర్ వెలుగులో అలలు ఒక తీరుగా ఉండవు. వెనక్కి ఎంత వచ్చిందన్నదే లెక్క. కొత్త పెట్టె లేజర్ అలలు ఒకే లయలో నడుస్తాయి. ఒక తునక నాలో సాగుతున్నప్పుడు, దాని పొడవులో ఉన్న లెక్కలేనన్ని ఎగుడుదిగుళ్ల నుంచి చెదిరిన అలలు ఒకదానిమీద ఒకటి పడి వ్యతికరణం చెందుతాయి. చెక్కభజనలో అందరూ తాళం వేస్తుండగా ఒక్కడు అరడుగు పక్కకు జరిగినా వినేవాడికి ఆ మూల శబ్దం మారినట్టు, నాలో ఏ ముక్క నానోమీటర్ల కొద్దీ సాగినా ఆ ముక్క నుంచి వచ్చే జవాబు మారిపోతుంది. పక్కపక్క ముక్కల జవాబుల్లోని దశాభేదం చూస్తే సాగింది ఏ ముక్కో, ఎంత సాగిందో తేలుతుంది. పది మీటర్లకొక ముక్క అనుకుంటే 50 కిలోమీటర్ల పోగులో 5,000 చోట్ల వినికిడి ఉన్నట్టే. వాటిలో ఒక్క చోట కూడా పరికరం లేదు, బ్యాటరీ లేదు. ఒక కొసన పెట్టె ఉంటే చాలు.

హద్దులూ ఉన్నాయి. మొదటి తునక జవాబు పూర్తిగా తిరిగొచ్చాకే రెండో తునక పంపాలి. 50 కిలోమీటర్లకు 500 మైక్రోసెకన్లు ఆగాలి, అంటే సెకనుకు 2,000 తునకలకు మించి పంపలేరు. కాబట్టి అంత పొడవులో సెకనుకు 1,000 సార్లకు మించి అదిరేదాన్ని నేను సరిగా పట్టలేను. ఇక వెనక్కి వచ్చే వెలుగు మరీ పలచన: మీటరు ముక్క నుంచి చేరేది, పంపినదానిలో కోటో వంతు కూడా ఉండదు. మట్టిని ఆనుకుని ఉన్నచోట బాగా వింటాను, ప్లాస్టిక్ డక్ట్‌లో వదులుగా ఉన్నచోట చెవుడు.

ఇప్పుడు నా దినచర్య తెర మీద రంగుల పటంలా కనిపిస్తుంది. అడ్డంగా దూరం, నిలువునా కాలం. బొమ్మసంద్ర కార్ఖానాలకు పోయే లారీ ఏటవాలు గీత గీస్తుంది. ఆ వాలే దాని వేగం. సర్కిల్ దగ్గర ట్రాఫిక్ ఆగితే గీతలన్నీ నిలువుగా మారతాయి. కార్ఖానా కంప్రెసర్ ఒకేచోట ఎడతెగని చార. వాన పడితే పటమంతా మసక. గడ్డపార దెబ్బలు ఒకేచోట మనిషి ఊపిరి లయలో చుక్కలు పెడతాయి. జేసీబీ అయితే ముందు ఇంజను సన్నని చార, తర్వాత బకెట్టు దెబ్బలు. ఆ రెంటికీ నడుమ ఉన్న కాస్త వ్యవధే నాకు దొరికే ఆయుష్షు. ఆలోపు పెట్రోలింగ్ మనిషికి ఫోను వెళ్లాలి. ఎలక్ట్రానిక్ సిటీ వైపు మెట్రో పిల్లర్లు లేచినప్పుడు నేల అదిరిన అదురుడు తోటి కేబుళ్లకు ఇంకా జ్ఞాపకమే. ఆ మెట్రో పసుపు లైను 2025 ఆగస్టు 10న ప్రారంభమై బొమ్మసంద్ర దాకా నడుస్తోంది. అదురు చెప్పడం నా వంతు. అది పనివాడి పారా, పిల్లల ఆటా అని తేల్చడానికి ప్రోగ్రాము రాసేవాళ్లు కావాలి, పొరపాటు అలారం విని విసుక్కోకుండా వెళ్లి చూసే మనిషి కావాలి.

నా జ్ఞాతులు ఇంతకన్నా పెద్ద పనులే చేస్తున్నారు. చమురు పైపుల పక్కన ఉండి దొంగ కన్నాలు పట్టిస్తారు. ఈశాన్య సరిహద్దు రైల్వేలో ‘గజరాజ్’ పేరుతో పట్టాల వెంబడి ఉండి, ఏనుగు అడుగులను గుర్తించి రైలు డ్రైవరును హెచ్చరిస్తారు. ఆనేకల్ దాపున బన్నేరుఘట్ట అడవిలోనూ ఏనుగులున్నాయి. ఆ కొలువు వస్తే నేనూ కాదనను. కాలిఫోర్నియాలో మాంటెరే బే సముద్రం అడుగున ఒక పోగు 2018లో భూకంపపు అలలను నమోదు చేసింది. ఆంధ్రలో నా వాళ్లు చాలామంది కరెంటు స్తంభాల మీద వేలాడుతున్నారు. వాళ్లకు నేలకన్నా గాలి పోరే ఎక్కువ. తెలంగాణలో మిషన్ భగీరథ నీళ్ల పైపుల తోడుగా పడుకున్నవాళ్లున్నారు.

ఇంత తెలివి ఉన్నా, నన్ను కాపాడేది చివరికి తవ్వేవాడి తలంపే. దేశంలో ఏటా దాదాపు 10 లక్షల సార్లు కేబుళ్లు తెగుతున్నాయని, నష్టం సుమారు 3,000 కోట్ల రూపాయలని ప్రభుత్వమే చెప్పింది. 2023 జనవరిలో వచ్చిన నియమాల ప్రకారం తవ్వే ముందు సమాచారం ఇవ్వడం తప్పనిసరి. అదే ఏడాది మార్చి 22న ‘కాల్ బిఫోర్ యూ డిగ్’ అనే యాప్ కూడా వచ్చింది. మీ ఇంటి ముందు బోరు వేసినా, వీధిలో పైపు దించినా, కాంట్రాక్టరును ఒక్క మాట అడగండి: ఆ యాప్‌లో చెప్పావా అని. చెప్పకపోతే బకెట్టు దించనీయకండి.