కమలాపండు, పాతపుస్తకం: టీకా తాత్పర్య సహితం

ఆ.వె.
తొక్క వదులు గాను తూకము నిండుగా
నుండు పండు గొనుము నొక్కి చూచి
అట్ట వదులు గాని యచ్చుపొత్తంబును
కుట్టు చూచి కొనుము కొసరి కొసరి

ప్రతిపదార్థం: తొక్క = పైచర్మము; వదులుగాను = తొనలకు అంటుకొనకయు; తూకము = అరచేతికి తెలియు బరువు; నిండుగాన్ ఉండు = పరిమాణమునకు తగినంత ఉన్నట్టి; పండు = కమలాపండును; నొక్కి చూచి = ముచ్చిక ప్రక్కన బొటనవేలితో మెల్లగా అదిమి (బండివాడు అటు తిరిగినపుడని కొందరు); కొనుము = తీసికొనుము; అట్ట వదులు గాని = పైయట్ట ఊడిరానట్టి; అచ్చుపొత్తంబును = ఒకరు చదివియో చదువకయో అమ్మివేసిన ముద్రితగ్రంథమును; కుట్టు చూచి = ఫారములను కలిపిన దారమును పరీక్షించి; కొసరి కొసరి = తగ్గించుమని మరల మరల అడిగి; కొనుము.

తాత్పర్యం: వలుచుకోవడానికి సులువైన పండును, చదవడానికి నిలిచే పాతపుస్తకాన్ని చవకగా పొందగోరేవాడు పైమెరుపును నమ్మక, పైపొరకూ లోపలి వస్తువుకూ ఉన్న సంబంధాన్ని వేలితో పరీక్షించాలని భావం.

విశేషాలు: బత్తాయికి తొక్క గుజ్జును గట్టిగా పట్టుకొని ఉంటుంది కనుక అది కత్తికీ రసం తీసే యంత్రానికీ తగినది, నాగపూర్ కమలాకు తొక్క సహజంగానే వదులు కనుక గోటికి లొంగుతుంది. పంజాబ్ నుంచి వచ్చే కిన్నూ నునుపుగా మెరిసినా, దాని తొక్క నాగపూర్ పండు తొక్కకంటె బిగువు, గింజలూ ఎక్కువ. వదులే గుణమైతే మరీ వదులైనది మరింత మేలు కదా అని పూర్వపక్షం. కాదు; చెట్టున అతిగా మాగిన పండులో తొక్క ఉబ్బి తొనలకు ఎడమై, లోపల రసం తగ్గుతుంది కనుక, ఆ భ్రమను తొలగించడానికే కవి ‘తూకము’ అన్నాడు.

పండుకు గుణమైన వదులే పుస్తకానికి దోషం. ఫారం అంటే ఒకే కాగితంపై అచ్చువేసి మడిచిన పుటల సముదాయం, సాధారణంగా పదహారు పుటలు. ఫారాలను దారంతో కుట్టిన పుస్తకం నడిమికి విప్పినా నిలుస్తుంది, జిగురుతో మాత్రమే అంటించినది జిగురు ఎండిన కొద్దీ పుటలను రాలుస్తుంది. హైదరాబాదులో ఆదివారం ఆబిడ్స్ పేవ్‌మెంట్ల మీద గాని, కోఠీలో గాని, విజయవాడ లెనిన్ సెంటర్‌లో గాని కొనేవాడు ఫారాల సంధుల్లో పుటసంఖ్యల వరుస చూసుకోవాలి. న్యూస్‌ప్రింటు పుస్తకమైతే ఒక పుట మూలను కొద్దిగా మడిచి, విరిగితే మరల దొంతరలో పెట్టాలి.

ఇక ధర విషయం. తొక్క మీది గరుకు మచ్చ తరచు తొనలదాకా పోదు. మొదటి పుటలో పూర్వయజమాని సంతకం, ఎవరికో ఇచ్చిన శుభాకాంక్ష, చిరిగిన పైకాగితం గ్రంథార్థానికి భంగం కలిగించవు. వీటిని చూపి ధర తగ్గించమనడం న్యాయమే. తొడిమ దగ్గర మెత్తబడిన పండును, చెదలు తిన్న పుస్తకాన్ని మాత్రం ఎంత తగ్గించినా కొనరాదు. అక్కడ లోపం లోపలికి దిగింది.

‘కొసరి కొసరి’ అనే ద్విరుక్తిలో మొదటిది ధరకు, రెండవది పైన ఒక పండుకు అని వ్యాఖ్యాతల మతం. పుస్తకాల దగ్గర రెండవ కొసరు ఫలించడం అరుదు కనుక అక్కడ అది పాదపూరణార్థమే.