ఇసకేస్తే రాలకూడదు

మావాడికి జనం లేని చోటంటే అనుమానం. హోటల్లో బల్ల ఖాళీగా కనిపిస్తే గుమ్మంలోంచే వెనక్కి తిరుగుతాడు. తింటున్న మనిషి కుర్చీ వెనకాల నిలబడి, ఆఖరి ఇడ్లీ ముక్క ఎప్పుడు మింగుతాడా అని కాపు కాస్తే తప్ప వాడికి టిఫిను ఒంటబట్టదు. జ్వరమొస్తే, వరండా నిండా రోగులు మూలుగుతున్న డాక్టరు దగ్గరికే పోతాడు. వెళ్లగానే లోపలికి రమ్మనేవాడు వాడి లెక్కలో ఈగలు తోలుకునే డాక్టరు. పెళ్లికెళితే ముందు చెప్పుల కుప్ప చూస్తాడు, పెళ్లికూతుర్ని తర్వాత.

ఊరు నందివెలుగు. హైదరాబాదులో అడిగితే తెనాలంటాడు, తెనాలిలో అడిగితే నందివెలుగంటాడు, ఫ్రాంక్‌ఫర్ట్ ఆఫీసులో అడిగితే మాత్రం 'ఆంధ్రా ప్యారిస్' అంటాడు. మూడు కాలవలు పారే ఊరని, నాటకాల ఊరని తెనాలికి ఎవరో ముచ్చటపడి పెట్టిన పేరది. మావాడు దాన్ని రెండు మునిసిపాలిటీలు సంతకాలు చేసుకున్న ఒప్పందంలా వాడతాడు. పైగా, "గుంటూరులో నందివెలుగు రోడ్డుంది. ప్యారిస్ రోడ్డుందా?" అని అడుగుతాడు. జవాబు మా దగ్గర లేదు.

క్రిస్మస్‌కి ఫ్రాంక్‌ఫర్ట్‌లో వాడి బాధ చూడాలి. 25, 26 రెండు రోజులూ సెలవు, దుకాణాలు బంద్. రోమర్‌బెర్గ్ దగ్గర పెట్టే సంత కూడా పండక్కి ముందే ఎత్తేస్తారు. "ఇది పండగేందిరా, కర్ఫ్యూ గదా!" అని మమ్మల్ని ప్యారిస్‌కి కారెక్కించాడు. ఆరు గంటల దారి, డబ్బా నిండా పులిహోర.

మా నలుగురిలో ఒకడు గుంటూరు లూథరన్. పండగ పూట ఏదో ఒక చిన్న చర్చిలో కాసేపు కూర్చుంటే చాలన్నాడు పాపం. మావాడు ఒప్పుకోలేదు. "నోట్రడామ్‌కి పదండి. 2019లో తగలబడి, ఐదేళ్లకు తెరిచారు. జనం విరగబడుతున్నారంట."

"అది కేథలిక్కులదిరా."

"జనానికి మతమేందిరా!"

ఆ వరసలో నిలబడి, వాళ్ల ఫ్రెంచి ప్రార్థన ముక్క అర్థంకాక విని, లూథరన్ మిత్రుడు బయటికొచ్చాక చాలాసేపు మాతో మాట్లాడలేదు. లూవ్ర్ మ్యూజియం ఆ రోజు మూసేస్తారు. ఐఫిల్ టవరుకు క్రిస్మస్ సెలవు లేదు. అంటే ప్యారిస్‌లో తోచనివాళ్లందరూ అక్కడే ఉంటారన్నమాట. మావాడి ముఖం వెలిగిపోయింది.

మొదట గాజుగోడ దాటడానికి సోదా, ఆ తర్వాత టికెట్ వరస, టవరు కాలు దగ్గర మళ్లీ సోదా, ఆపైన లిఫ్టు. నేనొక మంచి మాట చెప్పాను. మెట్ల దారి ఉంది, 674 మెట్లెక్కితే రెండో అంతస్తు, అక్కడ వరస మూరెడే. మావాడు నన్ను జాలిగా చూశాడు. "మెట్లెక్కడానికైతే మంగళగిరి లేదా? అయినా ఇంతమంది ఇటుంటే మనం అటు పోతామా? వీళ్లందరూ తెలివితక్కువోళ్లా?"

తెలివిగలవాళ్ల వెనకాల చలిలో నిలబడ్డాం. మేము వణికాం, వాడు వికసించాడు. అరగంటలో ఒక రేపల్లె కుటుంబాన్ని పట్టి, వాళ్ల మేనమామకీ తన పిన్నికీ బీరకాయ పీచు చుట్టరికం తేల్చాడు. ఏడుస్తున్న ఎవరి పిల్లనో ఎత్తుకున్నాడు. వెనకున్న ముసలమ్మకి తన మఫ్లరిచ్చి, ఆమెను మా అందరికంటే ముందుకు పంపాడు. మాకూ చలేస్తోందని వాడికి తట్టలేదు.

మరిపించడానికని చరిత్ర ఎత్తాను. 1889 ప్రదర్శన కోసం కట్టారు, 20 ఏళ్లకే అనుమతి, ఆ తర్వాత విప్పేయాల్సిందే, వైర్‌లెస్‌కి పనికొస్తుందని ఉంచేశారు అన్నాను. "మన కాలవ గట్టు మీద ఇళ్లూ ఇట్టాగే నిలబడ్డయి" అన్నాడు. 7,300 టన్నుల ఇనుమంటే మాత్రం నిజంగా నొచ్చుకున్నాడు. "మన తెనాలి శిల్పులకిస్తే ఊరికో ఎన్టీఆర్ లేచేవాడు గదరా."

రెండో అంతస్తులో పైలిఫ్టుకి ఇంకో వరస. మా కాళ్లు పడిపోయాయి. వాడు చేతులు రుద్దుకున్నాడు. ఎట్టకేలకు పైకి చేరాం. సెయిన్ నది, వంతెనలు, దీపాలు వెలుగుతున్న వీధులు. మావాడు కమ్మీల్లోంచి తిన్నగా కిందికి చూసి, "ఒరేయ్, ఎంత జనమో చూడండిరా!" అన్నాడు. అంత ఎత్తెక్కి వాడు చూసింది అదొక్కటే.

దిగేసరికి ఏడు. చీకటి పడ్డాక గంటగంటకీ అయిదు నిమిషాల పాటు 20,000 బల్బులు మిలమిలలాడతాయి. వాడు వెంటనే అమ్మకి వీడియో కాల్ చేశాడు. నందివెలుగులో అప్పుడు రాత్రి పదకొండున్నర. ఆవిడ నిద్రకళ్లతో తెరని అటూ ఇటూ తిప్పి, "దీపాలు సరే నాయనా, జనం బాగా వచ్చారా?" అంది.

"ఇసకేస్తే రాలట్లేదమ్మా!"

"అయితే బాగున్నట్టే."

వచ్చే క్రిస్మస్‌కి రోమ్ అంటున్నాడు. పోపుగారు బాల్కనీలోంచి దీవిస్తారని కాదు, కింద చౌకులో నిలబడే జనం కోసం. లూథరన్ మిత్రుడు చచ్చినా రానని భీష్మించాడు. నేనింకా ఏమీ చెప్పలేదు. హోటళ్ల ధరలు మాత్రం చూస్తున్నాను.