ఎవరికీ తెలియని ఊళ్లో ఐదు సెంట్లు

గండికోటను ఐకానిక్ పర్యాటక కేంద్రం చేస్తున్నారన్న ప్రకటన వెలువడింది మొదలు జమ్మలమడుగు, ముద్దనూరు రోడ్ల వెంట కొత్త భూగోళశాస్త్రం ఒకటి పుట్టుకొచ్చింది. దాని ప్రకారం పెన్న ఒడ్డున, ఎర్రమల కొండల్లో ఉన్న ఈ ఊరు లోకానికి ఇంతవరకు తెలియదు. తెలియదు గనుక నేల చవక. చవక గనుక ఇప్పుడే కొనాలి. కొన్నవారు శని, ఆదివారాలు వచ్చి ఉండవచ్చు, తక్కిన రోజుల్లో అద్దెకిచ్చుకోవచ్చు, ఊరికే ఉంచుకున్నా పదిహేనేళ్లకు కోట్లకు పడగెత్తవచ్చు. నివాసం, పెట్టుబడి, విహారం మూడూ ఒకే రంగుల కరపత్రంలో ఒదిగిపోయాయి. బాలీ ద్వీపంలో పల్లెటూరి విల్లా కొనాలని ఉబలాటపడి, ఇండోనేషియా చట్టం విదేశీయులకు భూమిపై సంపూర్ణ యాజమాన్య హక్కు ఇవ్వదని తెలిసి నిట్టూర్చిన హైదరాబాదు, బెంగళూరు ఉద్యోగులకు ఇప్పుడు కడప జిల్లాలోనే బాలీ దొరుకుతున్నదట. ఆ ద్వీపంలో రైతులే ఉమ్మడిగా నీళ్లు పంచుకునే 'సుబక్' అనే ప్రాచీన వ్యవస్థకు 2012లో యునెస్కో వారసత్వ గుర్తింపు దక్కిందనీ, ఆ వరిమళ్లను ఇప్పుడు విల్లాలు మింగుతున్నాయనీ కరపత్రం చెప్పదు. చెబితే ఐదు సెంట్ల ప్లాటు అమ్ముడుపోదు.

ఈ 'తెలియని ఊరు' అన్న మాటను కాస్త నిలబెట్టి ప్రశ్నించవలసి ఉంది. 1652లో ఫ్రెంచి రత్నాల వ్యాపారి టావెర్నియర్ గండికోటకు వచ్చాడు. సూర్యాస్తమయం చూడటానికి రాలేదు. గోల్కొండ సుల్తానుకు అమ్మదలచిన ముత్యాలను ముందుగా సుల్తాను మంత్రి మీర్ జుమ్లా కంట పెట్టవలసి ఉన్నందున, పెమ్మసాని నాయకుల చేతి నుంచి కోటను కొత్తగా గుంజుకున్న ఆ మంత్రి అక్కడే ఉన్నందున వచ్చాడు. అతని యాత్రాగ్రంథం ద్వారా యూరోపు పాఠకులకు గండికోట పేరు చేరి దాదాపు మూడున్నర శతాబ్దాలైంది. అంతకు ముందు విజయనగరం కోసం సేనలు నడిపిన పెమ్మసానివారికి అది రాజధాని వంటిది. మాధవరాయ, రంగనాథ ఆలయాలను, జామా మసీదును, దాని సమీపంలోని ధాన్యాగారాన్ని కట్టించినవారెవరూ రాత్రిపూట రహస్యంగా కట్టించలేదు.

శాస్త్రజ్ఞులకైనా తెలియదేమో అంటే, భారత భూవిజ్ఞాన సర్వేకు చెందిన విలియం కింగ్ 1872లోనే కడప, కర్నూలు శిలలపై గ్రంథం ప్రచురించాడు; ఆ శిలాశ్రేణిలో ఒక పొరకు గండికోట క్వార్ట్‌జైట్ అనే పేరు స్థిరపడింది, క్వార్ట్‌జైట్ అంటే ఇసుకరాయి బిగిసి గట్టిపడగా ఏర్పడే రాయి. పోనీ సామాన్యులకు తెలియదా? ఎన్ని రాష్ట్రాల వంటిళ్లలో పొయ్యిగట్టుకూ సామాన్ల అరలకూ కడప బండ పరిచారో లెక్క తీస్తే ఈ నేల ఎంత అజ్ఞాతంలో ఉన్నదో తేలుతుంది. అన్నిటికీ మించి, కోటగోడల లోపల ఇప్పటికీ ఒక ఊరున్నది, అందులో మనుషులున్నారు, వారికి తమ ఊరు పుట్టినప్పటి నుంచీ తెలుసు. అమ్మకందారుల జనాభా లెక్కలో మాత్రం వారు చేరలేదు.

ఎవరికీ తెలియని ఊరిని అమ్మాలంటే అందరికీ తెలిసిన పేరొకటి తగిలించాలి గనుక 'భారతదేశపు గ్రాండ్ కాన్యన్' అనే బిరుదు పుట్టింది. అమెరికాలోని అరిజోనాలో కొలరాడో నది కోసిన ఆ లోయ పొడవు 446 కిలోమీటర్లు, లోతు కొన్నిచోట్ల 1,800 మీటర్లు దాటుతుంది. పెన్న గండి లోతు సుమారు 300 అడుగులు. ఇందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు, పోల్చమని పెన్న ఎవరినీ అడగలేదు. పైగా గండికోట రాళ్లు ఎంతో ప్రాచీనమైనవి కాగా, గ్రాండ్ కాన్యన్ గోడల మీద ఫొటోల్లో కనిపించే అడ్డపొరల్లో అత్యధికం అరవై కోట్ల ఏళ్లు కూడా నిండనివి. మనవడి పేరు చెప్పుకొని తాత పెళ్లిచూపులకు బయలుదేరినట్టున్నది వ్యవహారం.

ఇక ఆ బిరుదు కింద అచ్చువేసే ఫొటోలో పచ్చగా మెరిసే నీళ్ల సంగతి. ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుకే పారే పెన్నలో అన్ని నీళ్లు ఎక్కడివని అడిగినవారికి కరపత్రంలో జవాబు ఉండదు. అవి మైలవరం జలాశయపు వెనుక జలాలు, అంటే దిగువ ఆనకట్ట అడ్డగించగా ఎగువకు ఎగదన్ని నిలిచిన నీళ్లు. ఎగువన గాలేరు-నగరి సుజల స్రవంతిలో భాగంగా 26.85 టీఎంసీల గండికోట జలాశయం ఉన్నది. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. దానికి శ్రీశైలం నుంచి పోతిరెడ్డిపాడు, బనకచర్ల, గోరకల్లు, అవుకు మీదుగా కృష్ణా జలాలు రావాలి. ప్రకృతి సహజ సౌందర్యం పేరిట టిక్కెట్టు పెట్టబోతున్న దృశ్యంలో సగం నీటిపారుదల ఇంజనీర్ల పనితనం.

వెటకారం ఇక్కడితో చాలు. ఆ జలాశయం కింద కొండాపురం మండలపు ఊళ్లు మునిగిపోయాయి. 2020 సెప్టెంబరులో తాళ్లప్రొద్దుటూరు ప్రజలు పునరావాస ప్యాకేజీ, అంటే పోయిన ఇంటికీ బతుకుకూ బదులుగా ప్రభుత్వం ఇస్తానన్న సొమ్మూ స్థలమూ, పూర్తిగా అందలేదనీ, కాలనీలో ఇళ్లు కట్టుకొనేదాకా గడువు కావాలనీ ధర్నాకు కూర్చుంటే, ధర్నా సాగుతుండగానే నీటిమట్టం పెంచారు, నీళ్లు ఇళ్లలోకి వచ్చాయి. గోడలు తడిసి కూలకముందే ద్వారబంధాలు, కిటికీలు ఊడబెరికి ట్రాక్టర్లకు ఎత్తుకోవలసి వచ్చింది. వారూ ఆ ఊళ్లో నివసించినవారే. అప్పుచేసి బోర్లు వేసి, చీనీ చెట్లు పెంచి, తమకున్నదంతా ఆ మట్టిలోనే పెట్టుబడి పెట్టినవారే. వారి పెట్టుబడికి పదిహేనేళ్లలో ఇంత లాభమని ఎవరూ రంగుల కరపత్రం అచ్చువేయలేదు. అదే నీటి పేరు చెప్పి ఇప్పుడు 'లేక్ వ్యూ' అని సెంటుకు ధర పెంచి అమ్ముకోవడం తెలివితేటలు కాదు, ఒట్టి సిగ్గుమాలినతనం. ఊరివారికి ఇవ్వడానికి దొరకని గడువు విహారానికి వచ్చేవారి పడకగదుల కోసం ఎలా దొరుకుతున్నదో ఒక్కరూ అడగరు.

తక్కిన ముచ్చట్లకు తలా ఒక మాట సరిపోతుంది. గండికోట అభివృద్ధికి మంజూరైన రూ.77.91 కోట్లు కేంద్రం రాష్ట్రానికి ఇచ్చే యాభై ఏళ్ల వడ్డీలేని అప్పు, కానుక కాదు. అక్కడ కడతామన్న ఏడు నక్షత్రాల హోటలుకు 2023 జూలైలోనే శంకుస్థాపన జరిగింది. ఉక్కు కర్మాగారం కోసం 2007, 2018, 2019, 2023 సంవత్సరాల్లో వేరువేరు రాళ్లు పాతించుకున్న జమ్మలమడుగు ప్రాంతానికి శంకుస్థాపన ఒక ఉత్సవమే తప్ప పనికి మొదలు కాదు. ఓర్వకల్లులో విమానం దిగగానే పరిశ్రమలొస్తున్నాయని ప్లాట్లు చూపేవారికీ, బెలుం గుహల పేరు చెప్పి కొలిమిగుండ్ల బీళ్లు చూపేవారికీ ఇదే కరపత్రం ఊరు పేరు మార్చి పనికొస్తుంది. ప్లాటుకు ఇన్నని ఎర్రచందనం మొక్కలు నాటి, అవి పెరిగితే కోట్లేనని అరచేతిలో వైకుంఠం చూపేవారు, సొంత పొలంలో పెంచిన చెట్టునైనా నరకాలంటే అటవీ శాఖ అనుమతి కావాలన్న సంగతిని చిన్న అక్షరాల్లో కూడా వేయరు. ఏప్రిల్, మే నెలల్లో 44 డిగ్రీల ఎండకు కాగిన రాతినేల మీద టెంటులో పడుకోవడాన్ని 'పల్లె జీవనానుభవం' అని అమ్ముతున్నారు. ఆ అనుభవం పుట్టుకతోనే ఉచితంగా దక్కిన కోసిగి, మంత్రాలయం పల్లెలవారు ఇళ్లకు తాళాలు వేసి, పిల్లలను చదువు మాన్పించి వెంటబెట్టుకొని, మిరప, పత్తి కోతలకు గుంటూరు వైపు పోతున్నారు, రాయచోటి, రాజంపేట వారు కువైట్‌కు పోతున్నారు. రాయలసీమలో యాత్రలకు ఎన్నడూ కొదవ లేదు.

ఇన్ని చెప్పినా కొనేవారు కొంటారు. వారు అడ్వాన్సు ఇచ్చేముందు ఆ ఐదు సెంట్లు జలాశయం పూర్తి నీటిమట్టానికి లోపల ఉన్నాయా, బయట ఉన్నాయా అని జలవనరుల శాఖ కార్యాలయంలో ఒక కాగితం రాయించుకోవడం మంచిది. పట్టాలు చూసుకుంటే చాలుననుకోరాదు. తాళ్లప్రొద్దుటూరు వారి దగ్గరా పట్టాలుండేవి.