తోడల్లుడి కంటే తక్కువకు ఓడెక్కడం ఎలా?

క్రూజ్‌కి వెళ్దామని అనిపించిన రోజున మీరు చేయాల్సిన మొట్టమొదటి పని, ఆ సంగతి నలుగురికీ చెప్పడం. చెప్పకుండా బుక్ చేసుకున్నారనుకోండి, వారం తిరక్కుండా వెళ్ళి వచ్చేస్తారు. చెప్పారంటే రెండేళ్ళు గ్యారంటీగా కాలక్షేపం.

మాది విశాఖపట్నం. సముద్రం మాకు పెరడు లాంటిది, రోజూ కనిపిస్తుంది కాబట్టి ఎవరమూ దిగం. 2022 జూన్‌లో మా రేవుకు క్రూజ్ ఓడ వచ్చినప్పుడు మాత్రం మా అపార్ట్‌మెంట్ లిఫ్టులో కూడా అదే కబుర్లు. ఆ ఊపులో అమ్మా, మా ఆవిడా, నేనూ ఒక తీర్మానం చేసేశాం. ఇక్కడి నుంచి నేరుగా విమానంలో సింగపూర్, అక్కడ ఓడ, నాలుగు రాత్రులు, పెనాంగ్, ఫుకెట్. ఓడ ఎప్పుడెక్కామో తర్వాత చెబుతాను. ముందు మెళకువలు.

ఒకటి. వాట్సాప్ గ్రూపు పెట్టండి. పేరు పెట్టడానికి మూడు రోజులు పడుతుంది. మాది "అలలపై మనం". పందొమ్మిది మంది. అందరూ "మేం రెడీ" అన్నారు. తెలుగులో "మేం రెడీ" అంటే "మీరు ముందు కట్టండి, తర్వాత చూద్దాం" అని అర్థం. దసరాకంటే ఒకరికి పరీక్షలు, సంక్రాంతికంటే ఒకరికి కొత్తల్లుడు, వేసవికంటే ఒకరికి ఎండ. సముద్రంలో కూడా. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అంటారు గానీ, మా మల్లయ్యలు ఏరు దాకా కూడా రాలేదు. ఆ గ్రూపు ఇప్పటికీ ఉంది. అందులో శుభోదయాలు నడుస్తున్నాయి.

రెండు. రేటు. అసలు విద్యంతా ఇక్కడే ఉంది కాబట్టి కుర్చీ లాక్కుని కూర్చోండి.

తెర మీద పెద్దక్షరాల్లో కనిపించే అంకె, ఇద్దరు ఒక గది పంచుకుంటే అందులో ఒక్కరి వాటా. దాని మీద రేవు రుసుములు, పన్నులు, ఆపైన సిబ్బందికి తలకింత, రాత్రికింత బక్షీసు. ఒంటరిగా వెళ్ళేవాడు ఇంచుమించు ఇద్దరి డబ్బూ కట్టాలి. అందులోనే "గ్యారంటీ క్యాబిన్" అని చవకరకం ఒకటి ఉంటుంది. గది దొరుకుతుందని మాత్రమే గ్యారంటీ, ఏ గదన్నది వాళ్ళిష్టం. డాన్సు ఫ్లోరు కింద పడొచ్చు, పొద్దున్నే కుర్చీలు ఈడ్చే ఈతకొలను డెక్ కింద పడొచ్చు. ఇవన్నీ ఒక గంటలో తెలిసిపోతాయి. తెలిసిన వెంటనే బుక్ చేసేవాడు అమాయకుడు.

ఎందుకంటే విమానం టికెట్ లాగే ఈ రేటు కూడా కదులుతూ ఉంటుంది. కదిలేదాన్ని చూస్తూ కూర్చోవడం మనకు పుట్టుకతో వచ్చిన గుణం. రైతుబజార్లో బీరకాయలు కొని సంచీతో వస్తుంటే ఎదురైనవాడు అడిగే మొదటి మాట "ఎంతకిచ్చాడు?" చీర కట్టుకుంటే ఎంత, ఫ్లాటు కొంటే చదరపు అడుగు ఎంత, ఆస్పత్రిలో పడుకుంటే రోజుకు గది ఎంత. జవాబు విన్నాక ఒక చప్పరింపు. ఆ చప్పరింపుకు భయపడే మనం జీవితమంతా బేరాలాడతాం. నాకు ఆ చప్పరింపు మా తోడల్లుడి రూపంలో ఉంది. నేను ఏది కొన్నా అదే వస్తువు ఆయనకు అంతకు తక్కువకే దొరికి ఉంటుంది, దాంతో పాటు ఏదో ఒకటి ఉచితంగా. బిల్లు ఎప్పుడూ చూడలేదు. అడగడం మర్యాద కాదు కదా, అల్లుళ్ళం.

ఆయన అప్పటికే అదే దారిలో ఓడెక్కి వచ్చేశాడు. బాల్కనీ గది. నాకు కనిపిస్తున్న రేటు కంటే పద్దెనిమిది వేలు తక్కువకట. అంతే, ఆ పద్దెనిమిది వేల కోసం నేను కాపలా కూర్చున్నాను. పొద్దున కాఫీతో ఒకసారి, రాత్రి మజ్జిగతో ఒకసారి. ఒక మంగళవారం పదకొండు వేలు తగ్గింది. ఇంకా తగ్గుతుందిలే అని ఆగాను, సాయంత్రానికి మళ్ళీ ఎక్కి కూర్చుంది. ఆ రాత్రి నాకు నిద్ర లేదు. పెట్టని డబ్బు పోయినంత బాధ ఇంకోటి లేదు.

మొదటి ఏడు అమ్మ సరేనంది. పాస్‌పోర్టు ఫొటోకి కొత్త చీర కట్టుకుంది. రెండో ఏడు ఆమె మోకాళ్ళు మొరాయించాయి. "నేను మెట్లెక్కలేనురా, మీరు వెళ్ళి రండి" అంది. చివరికి 2024లో ఇద్దరమే వెళ్ళాం, మొదటి రోజు చూసిన రేటు మీద తలకు ఆరు వేలు ఎక్కువ పెట్టి. ఎక్కాక చూస్తే ఆ ఓడలో మెట్లతో ఎవరికీ పనే లేదు. ఏ అంతస్తుకైనా లిఫ్టు. చక్రాల కుర్చీల్లో ముసలమ్మలు ఐస్‌క్రీమ్ పట్టుకుని తిరుగుతున్నారు. నేను నలభై వీడియోలు చూశాను. రేట్లు చూశాను గానీ లిఫ్టులు చూడలేదు.

సరే, మూడు. వీసా. ఓడ సింగపూర్‌లో బయలుదేరి మళ్ళీ సింగపూర్‌కే వస్తుంది కాబట్టి ఆ దేశంలో మీరు రెండుసార్లు అడుగు పెట్టినట్టు లెక్క. ఒక్క ప్రవేశానికే పనికొచ్చే వీసాతో వెళితే తిరిగొచ్చాక చిక్కు. ఇది నిజం సలహా, పొరపాటున ఇక్కడ పడింది.

నాలుగు. గది. ఈ సందర్భంలో ప్రతి తెలుగు మొగుడూ ఒకటే డైలాగు చెప్పాలి: "గదిలో ఎంతసేపుంటాం చెప్పు?" ఆ ఒక్క మాటతో బాల్కనీ కిటికీ అవుతుంది, కిటికీ గోడ అవుతుంది. మేం గోడ తీసుకున్నాం. ఓడ మధ్యలో, కింది అంతస్తుల్లో ఉన్న గదులకు ఊపు తక్కువని, కాబట్టి నా నిర్ణయం వెనక శాస్త్రం ఉందని మా ఆవిడకు వివరించాను. ఊపు తక్కువన్నది నిజమే. శాస్త్రం రేటు చూశాక గుర్తొచ్చిందన్నదీ నిజమే. కిటికీ లేని గదిలో దీపం ఆర్పితే పగలూ రాత్రీ ఒకటే. రెండో రోజు తెల్లారిందనుకుని స్నానం చేసి ఇడ్లీకి బయలుదేరాను. టైము మూడూ పది. హాల్లో తుడుస్తున్న కుర్రాడు నాకు గుడ్ నైట్ చెప్పాడు.

మా ముత్తాత కాకినాడ రేవులో బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ వాళ్ళ ఓడెక్కి రంగూన్ వెళ్ళాడని మా ఇంట్లో చెప్పుకుంటారు. అప్పట్లో రంగం అనేవారు. కాకినాడ పక్కనున్న కోరంగి రేవు పేరు మీద అక్కడ మనవాళ్ళకు కోరంగీలని పేరు. డెక్ మీద ఒక చాప, ఒక ఇనప్పెట్టె, నెత్తిన ఆకాశం. అంత పెద్ద బాల్కనీ మా వంశంలో మళ్ళీ ఎవరికీ దొరకలేదు. ఆయన కూడా పక్క చాపవాణ్ణి "నీకెంత పడింది?" అని అడిగే ఉంటాడని నా నమ్మకం.

ఐదు. సామాను. రైస్ కుక్కర్ పెట్టుకోండి. ఓడలో నిప్పంటే భయం కాబట్టి కుక్కర్లు, కెటిల్లు, ఇస్త్రీపెట్టెలు తీసి దాచేసి, దిగేటప్పుడు ఇస్తారు. మొయ్యడం మీ వంతు, దాచడం వాళ్ళ వంతు. ఇంట్లో వండినవి చాలా ఓడల్లో రానివ్వరు. సీలు తీయని ఆవకాయ ప్యాకెట్టు మాది గట్టెక్కింది.

ఆరు. మందు ప్యాకేజీ. చాలా కంపెనీల్లో గదిలో ఒక పెద్దమనిషి కొంటే రెండో పెద్దమనిషీ కొనాలి. మజ్జిగ తప్ప ముట్టని భార్య పేరు మీద రోజుకు అంత డబ్బు కట్టి, ఆ సంగతి ఆమెకు ఎప్పుడు చెప్పాలన్నది మీ చాకచక్యం.

ఏడు. కడుపులో తిప్పుడుకు మాత్ర తిప్పకముందే వేసుకోవాలి. డాక్టర్ని అడిగి.

ఎనిమిదో, తొమ్మిదో. ఓడ కదలకముందు ప్రాణరక్షణ కసరత్తు ఉంటుంది. ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత వినిపిస్తే ఎక్కడ చేరాలో చూపిస్తారు. 2012లో ఇటలీ తీరంలో కోస్టా కాంకార్డియా మునిగినప్పుడు కొత్తగా ఎక్కినవాళ్ళలో చాలామందికి ఆ కసరత్తు ఇంకా జరగనేలేదు. ఆ తర్వాతే బయలుదేరే ముందో, బయలుదేరిన వెంటనేనో చేసి తీరాలని నియమం బిగించారు. ఆ సమయంలో మీరు బఫే ఎక్కడుందో వెతుకుతూ ఉండండి. నేను అదే చేశాను, మైకులో మా గది నంబరు పిలిచేదాకా.

ఇక ఫుకెట్. థాయ్‌లాండ్ గడియారం సింగపూర్ కంటే గంట వెనక. ఒడ్డుకు దగ్గరవగానే మీ ఫోను తెలివిగా ఒక గంట వెనక్కి తిప్పుకుంటుంది. ఓడ మాత్రం తన టైములో తాను ఉండొచ్చు. ఫోనును నమ్ముకుని తాపీగా కొబ్బరినీళ్ళు తాగితే మీ గది మీరు లేకుండానే ఇంటికి పోతుంది. పాత చేతిగడియారం ఒకటి పెట్టుకోండి, దానికి తెలివి లేదు. నడిసముద్రంలో ఓడవాళ్ళ మొబైల్ సిగ్నల్ అందుకుంటే వచ్చే బిల్లు చూసి తోడల్లుడు కూడా చప్పరించడు, జాలిపడతాడు.

తిండి విషయంలో ఒకటే సూత్రం: కట్టిన డబ్బు రాబట్టాలి. ఆకలితో సంబంధం లేదు. నేను మూడో రోజుకు తలకు పెట్టిన ఆరు వేలలో నాలుగు వేలు పుడ్డింగుల్లో వసూలు చేశాను. పెనాంగ్‌లో దిగాక స్వెట్టెన్‌హామ్ రేవు నుంచి నడుచుకుంటూ లిటిల్ ఇండియాకి వెళ్ళాం. 1833 నాటి మహామారియమ్మ గుడి, పాత జార్జ్‌టౌన్ వీధులు, అన్నీ పది నిమిషాల నడకే. సముద్రం దాటి వెళ్ళి మసాలా దోసె తిన్నాం. డబ్బిచ్చి తిన్నదల్లా అదొక్కటే. అరిగింది కూడా అదొక్కటే.

చివరి సాయంత్రం పై డెక్ మీద నిలబడ్డాం. సూర్యుడు దిగుతున్నాడు. నేను ఫోనులో, ఓడవాళ్ళ వైఫై కొని మరీ, వచ్చే వారం ఇదే గది ఎంతుందో చూస్తున్నాను. పక్కన ఒకాయన మా మాటలు విని "తెలుగువాళ్ళా?" అన్నాడు. నెల్లూరట. ఊరూ ఉద్యోగమూ అయ్యాక, గొంతు కాస్త తగ్గించి, "మీకెంత పడింది?" అన్నాడు.

నేను కట్టినదాంట్లో పది వేలు కోసి చెప్పాను.

ఆయన ఒక్క క్షణం ఆగి, తన రేటు చెప్పాడు. నేను చెప్పినదానికి సరిగ్గా రెండు వేలు తక్కువ. ఆయన భార్య చటుక్కున సముద్రం వైపు తిరిగింది. మా ఆవిడ అప్పటికే అటు చూస్తోంది.