బోర్డింగ్ గేటు దగ్గర నాలుగు వర్ణాలు

వర్ణ వ్యవస్థ పోయిందనుకునేవాళ్లు అర్ధరాత్రి దాటాక శంషాబాద్‌లో దుబాయ్ విమానం గేటు దగ్గర ఒకసారి నిలబడి చూడాలి. మైకులో పిలుపు మొదలవుతుంది. ముందుగా ప్లాటినం వారు, గోల్డ్ వారు దయచేయాలి. తర్వాత సిల్వర్ వారు. ఆ తర్వాత మిగిలినవాళ్లు, అంటే మనం. తరచూ ఎక్కేవాళ్ల కోసం ఎమిరేట్స్ వారు పెట్టిన స్కైవార్డ్స్ పథకంలో పైకి కనిపించే మెట్లు నాలుగు: బ్లూ, సిల్వర్, గోల్డ్, ప్లాటినం. ముందు ఎక్కినంత మాత్రాన ముందు దుబాయ్ చేరేదేమీ లేదు. మిగతావాళ్లు సామాన్లు పైకి తోసుకుంటుంటే కూర్చుని చూసే భాగ్యం దక్కుతుంది, అంతే. అయినా పిలుపు వినగానే గోల్డ్ వారి నడకలో వచ్చే మార్పు చూసి తీరాలి. పెళ్లిలో మొదటి బంతికి లేచినవాళ్ల నడక అది.

పుట్టుకతో వచ్చే వర్ణానికి చచ్చేదాకా ఢోకా లేదు. కార్డుతో వచ్చే వర్ణానికి మాత్రం గడువుంది. గడువులోగా కావలసినన్ని విమానాలు ఎక్కకపోతే గోల్డ్ వారు సిల్వర్ వారవుతారు, సిల్వర్ వారు మనలో కలుస్తారు. అందుకే కొందరు పెద్దమనుషులు సంవత్సరాంతంలో పనేమీ లేకపోయినా ఎక్కడికో ఒకచోటికి వెళ్లి వస్తుంటారు. దాన్ని ‘మైలేజ్ రన్’ అంటారట. మన ఊళ్లో దానికి వేరే పేరుంది గానీ పత్రికలో రాయకూడదు.

మా పెద్దమ్మ సంగతి చూడండి. ఆవిడ కొడుకు డాలస్‌లో ఉంటాడు. కోడలి మొదటి పురిటికి వెళ్లింది, రెండో పురిటికి వెళ్లింది, ఆ తర్వాత పిల్లల్ని చూసుకోవడానికి ఏడాది విడిచి ఏడాది వెళ్తూనే ఉంది. ఆవిడ ఆర్నెల్లు అక్కడ ఉంటేనే ఆ ఇంట్లో రెండు ఉద్యోగాలు నడుస్తాయి. ఇంత విధేయురాలైన ప్రయాణికురాలు ఇప్పటికీ బ్లూలోనే ఉంది. సిల్వర్ కావాలంటే ఏడాది పైచిలుకు గడువులో 25 విమానాలు ఎక్కాలి. దుబాయ్ మీదుగా డాలస్ వెళ్లి వస్తే నాలుగు విమానాలు. ఈ లెక్కన పెద్దమ్మ ఒకే ఏడాదిలో ఆరుసార్లు అమెరికా వెళ్లి వచ్చినా 24 అవుతాయి, ఒకటి తక్కువ. రెండో దారి 25 వేల టైర్ మైళ్లు, అంటే మెట్టు ఎక్కించడానికి లెక్కేసే మైళ్లు. కానీ కొడుకు కొనేది చవక టికెట్టు, చవక టికెట్టుకు మైళ్లు కూడా చవకే.

వాడుకునే మైళ్ల సంగతి ఇంకా బాగుంటుంది. అవి మూడేళ్లు బతుకుతాయి. మూడో ఏట మనం పుట్టిన నెల ఆఖరున పోతాయి. పెద్దమ్మ పుట్టింది మాఘమాసంలో. పాస్‌పోర్టులో ఉన్నది జులై 1, బళ్లో వేసిన రోజున మాస్టారు తోచినట్టు రాసిన తేదీ. ఆయన పుణ్యమా అని ఆవిడ మైళ్లు ఏటా జులై ఆఖరున రాలిపోతుంటాయి. తను వేసిన అంకె అరవై ఏళ్ల తర్వాత గల్ఫ్ కంపెనీ లెక్కల్లో పనికొస్తుందని ఆ మాస్టారు కలగనైనా ఉండడు.

అయితే పెద్దమ్మ ఈ వ్యవస్థకు ఒక సందు కనిపెట్టింది. వీల్‌చైర్. ప్లాటినం వారి కంటే ముందు ఎక్కించేది వీల్‌చైర్ వాళ్లనే. ఆవిడ మోకాళ్లు కొద్దిగా పట్టేస్తాయి గానీ తిరుపతి మెట్లు ఎక్కగలదు. వీల్‌చైర్ అడిగేది కాళ్ల కోసం కాదు, నోటి కోసం. దుబాయ్‌లో గేటు మారితే ఎవర్ని అడగాలి, ఏ భాషలో అడగాలి? తోసే మనిషి ఉంటే ఆ గండం గడుస్తుంది. శంషాబాద్ నుంచి అమెరికా దారి పట్టే తల్లిదండ్రుల్లో ఈ రహస్యం తెలియనివాళ్లు అరుదు. నిజంగా అడుగు తీసి అడుగు వేయలేనివాళ్లు దీనివల్ల గంటలు ఎదురుచూడాల్సి వస్తోందన్న మాట నిజమే, అది అన్యాయమే. దారి చెప్పే తెలుగు మనిషి ఒకరు ఉంటే సగం కుర్చీలు ఖాళీ అవుతాయి. కానీ ఆ సౌకర్యం ఏ లోహపు కార్డులోనూ లేదు.

అదే విమానంలో వెనక వరుసల్లో గల్ఫ్ పనులకు పోయే జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ కుర్రాళ్లుంటారు. బేగంపేట మూతబడి 2008 మార్చి 23న శంషాబాద్ తెరుచుకున్నప్పటి నుంచి, అంతకు ముందు నుంచీ, రెండేళ్లకోసారి వచ్చిపోతున్నవాళ్లు. టికెట్టు పని ఇచ్చే కంపెనీ కొంటుంది, లేదా ఏజెంటు కొంటాడు. ఆ ధరకు మైళ్లు రాలేదేమని అడిగినవాడు లేడు. సంవత్సరాల తరబడి తిరిగి తిరిగి అదే సీట్లోకి వచ్చేవాణ్ని మామూలు భాషలో విధేయుడంటాం. విమాన కంపెనీ లెక్కలో విధేయత అంటే వచ్చినన్నిసార్లు కాదు, పెట్టినంత ఖర్చు.

ఇది నా దుగ్ధ అనుకునేరు. శంషాబాద్ నుంచి లండన్‌కు విమానం నడిపే బ్రిటిష్ ఎయిర్‌వేస్ ఈ మాట దాచుకోకుండా చెప్పేసింది. 2025 ఏప్రిల్ నుంచి ఎంత దూరం ఎగిరావన్నది పక్కన పెట్టి పౌండుకో పాయింటు అంది. గోల్డ్ కావాలా, 20 వేల పాయింట్లు. నిజాయితీ అంటే ఇదీ. కానీ అతి విధేయత కూడా ప్రమాదమే. అమెరికన్ ఎయిర్‌లైన్స్ 1981లో మైళ్ల పథకం మొదలుపెట్టింది, అదే ఏడాది జీవితాంతం ఎంతైనా ఎగిరే పాసులూ అమ్మింది, రెండున్నర లక్షల డాలర్లకు. కొన్నవాళ్లలో కొందరు మాట నమ్మి నిజంగానే జీవితాంతం ఎగరడం మొదలుపెట్టారు, వేలసార్లు. కంపెనీకి గుండె జారింది. మీరు నియమాలు తప్పారంటూ 2008లో ఒకరిద్దరి పాసులు లాగేసుకుంది. ఆ గొడవ కోర్టుకెక్కింది. భక్తుడు మరీ దగ్గరికొస్తే దేవుడు కూడా కుర్చీ వెనక్కి జరుపుకుంటాడన్నమాట.

ఇక ఈ పాయింట్లు ఎవరికోసం పుట్టాయో 2020లో తేలిపోయింది. కరోనాకు విమానాలు నేల మీద పడుకున్నప్పుడు యునైటెడ్ ఎయిర్‌లైన్స్ తన మైలేజ్‌ప్లస్‌ను తాకట్టు పెట్టి 500 కోట్ల డాలర్లకు పైగా అప్పు తెచ్చింది. డెల్టా తన స్కైమైల్స్ మీద 900 కోట్లు తెచ్చింది. మైళ్లను టోకున కొనేది బ్యాంకులు. అవి మన క్రెడిట్ కార్డుల్లో చిల్లరగా పోస్తాయి. విమానం ఆగినా ఆ వ్యాపారం ఆగదు. మన జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్‌లో చతికిలబడితే దాని జెట్‌ప్రివిలేజ్ పథకం మాత్రం అదే ఏడాది ఇంటర్‌మైల్స్ అని పేరు మార్చుకుని చక్కగా బతికింది. ఎగరడానికి విమానం లేదు, ఎగిరినందుకు పాయింట్లు ఉన్నాయి.

ఇండిగో ఇన్నేళ్లూ మాకు ఈ గోల అక్కర్లేదంటూ వచ్చింది. దేశంలో సగానికి పైగా ప్రయాణికులు దాని విమానాలే ఎక్కుతున్నప్పుడు విధేయత అడగడం దేనికి? ఊరికి ఒకటే బస్సు ఉంటే డ్రైవరు దండం పెట్టించుకుంటాడు గానీ పెట్టడు. అలాంటి ఇండిగో కూడా 2024లో బ్లూచిప్ అంటూ బరిలో దిగింది. ఏడాది తిరిగి 2025 డిసెంబరు వచ్చేసరికి సిబ్బంది చాలక వేలాది విమానాలు రద్దయ్యాయి. శంషాబాద్ టెర్మినల్లో జనం సూట్‌కేసుల మీదే కూర్చున్నారు. ఆ వారం ఎవరి కార్డు రంగూ ఎవరినీ ఇంటికి చేర్చలేదు.

సముద్రం మీద ఇంత దారుణం ఉండదులే అనుకుంటే పొరపాటు. హైదరాబాద్‌కు సముద్రం లేదు కాబట్టి మనవాళ్ల ఓడ ప్రయాణం కూడా శంషాబాద్‌లోనే మొదలవుతుంది. 2022లో కార్డీలియా నౌక విశాఖ వచ్చినప్పుడు విశాఖ విమానం ఎక్కినవాళ్లున్నారు, ఇప్పుడు సింగపూర్ దాకా పోయి ఎక్కేవాళ్లున్నారు. రాయల్ కరీబియన్ ఓడల్లో రాత్రికో పాయింటు. మూడు రాత్రులకు గోల్డ్, 80కి డైమండ్, 700కి పినాకిల్. 700 రాత్రులంటే దాదాపు రెండేళ్లు నీళ్ల మీద. అంతకాలం తిరిగిన నావికుడికి జీతం ఇస్తారు, ప్రయాణికుడికి బిరుదు ఇస్తారు. గదిలో ఒంటరిగా ఉంటే రాత్రికి రెండు పాయింట్లు, ఎందుకంటే రెండో మనిషి డబ్బు కూడా వాడే కడతాడు. ప్రిన్సెస్ ఓడల్లో పదిహేను ప్రయాణాలు పూర్తిచేసిన మహానుభావులకు దక్కే ఘనమైన వరం, బట్టలు ఉచితంగా ఉతికిపెట్టడం. ఈ మాట చెబితే మా ఇంటికొచ్చే చాకలాయన, మొదటిరోజు నుంచే ఉతుకుతున్నాను గదా బాబూ అన్నాడు.

నేల మీది స్వర్గం పేరు ఎయిర్‌పోర్ట్ లౌంజ్. ఒకప్పుడు బ్యాంకు కార్డుంటే చాలు, రెండు రూపాయలు గీకి లోపల ఇడ్లీ తినేవాళ్లం. జనం పెరిగారు, లౌంజ్ బయట క్యూ, క్యూకు తగ్గట్టు నియమాలు. 2024 ఏప్రిల్ నుంచి ఐసీఐసీఐ బ్యాంకు చాలా కార్డులకు ముందు మూడు నెలల్లో 35 వేలు ఖర్చు చేసి ఉండాలంది. 35 వేలు ఖర్చుపెట్టి సంపాదించిన ఉచిత ఇడ్లీ రుచే వేరు. పల్లెం ఫొటో తీయకుండా తిన్నవాణ్ని నేనింతవరకూ చూడలేదు.

శంషాబాద్ నుంచి అవుటర్ రింగ్ రోడ్డు మీద కొంచెం పోయి దిగితే చిలుకూరు. వీసాల కోసం జనం మొక్కుకునే వీసా బాలాజీ గుడి. అక్కడా తిరిగి తిరిగి వచ్చేవాళ్లే, అక్కడా లెక్కలే. కోరిక కోరుకోవడానికి 11 ప్రదక్షిణలు, తీరాక 108. హుండీ లేదు, వీఐపీ క్యూ లేదు, టికెట్టు లేదు. ఏ ఎయిర్‌లైన్ మేనేజరైనా చూస్తే కళ్లు తిరుగుతాయి. సేవ ముందు, బిల్లు తర్వాత, అదీ బిల్లు కాళ్లతో కట్టాలి! అయినా ఆ గుడి చుట్టూ విధేయుల కొరత ఎన్నడూ రాలేదు. పెద్దమ్మ కొడుకు వీసా కూడా అక్కడిదే, 108 మాత్రం వాడి బదులు ఆవిడ తిరిగింది.

మొన్న ఆవిడ ఖాతా తెరిచి చూశాను.

“పెద్దమ్మా, నీ పేరు మీద కొన్ని మైళ్లు మిగిలాయి. జులై ఆఖరుకు పోతాయి.”

“వాటితో అబ్బాయిని సంక్రాంతికి పిలిపించొచ్చట్రా?”

“జనవరిలో మైళ్లకిచ్చే సీట్లు లేవు పెద్దమ్మా. ఫిబ్రవరిలో ఏదో మంగళవారం ఒకటుంది. దానికీ మైళ్లు చాలవు.”

“పోనీ, నువ్వు వాడుకో. నీ పేరు మీద రాసిచ్చేస్తాను.”

“రాసివ్వాలంటే కంపెనీకి డబ్బు కట్టాలి. వెయ్యి మైళ్లకింత అని.”

“నా మైళ్లు నేను దానం చేస్తే వాళ్లకి దక్షిణ దేనికి?” అంది పెద్దమ్మ. కస్టమర్ కేర్‌కు రాసి ఇదే అడిగాను. వారి విలువైన కస్టమర్‌నైనందుకు ధన్యవాదాలు చెబుతూ జవాబొచ్చింది.